ఈ ఏటి పువ్వు, నిరుటి ఆకు

కుండీల్లో పూలమొక్కలు పెంచే ఇళ్లలో ఎండలు ముదిరే వేళకు ఏటా ఒక ప్రశ్న వినిపిస్తుంది. నర్సరీ నుంచి తెచ్చి నాటిన ఎర్ర లిల్లీ గడ్డ మొదటి ఏడు రెండు కాడలు వేసి, ఒక్కో కాడకు నాలుగేసి పువ్వులు పూసింది. మరుసటి ఏడు ఒకే కాడ వేసింది. ఆ తర్వాత ఆకులే. అవి వాడిపోయిన ఆకులేం కావు, మూరెడు పొడుగున పచ్చగా ఉంటాయి. నీళ్లు పోస్తున్నాం, ఎరువు వేస్తున్నాం, పురుగు కూడా లేదు, మరి పువ్వెందుకు రాదు? దీనికి ఇరుగుపొరుగు చెప్పే జవాబులు చాలా ఉన్నాయి. నేల పడలేదంటారు, హస్తవాసి లేదంటారు, నర్సరీలో ఏదో మందు పెట్టి పూయించి అమ్మారంటారు. మందు సంగతి వట్టి అనుమానమే కాని, ఆ చివరి జవాబులో కొంత నిజముంది. మొదటి ఏడు మనం చూసి మురిసిపోయిన పువ్వు మన కుండీలో తయారైంది కాదు.

మనం లిల్లీ అనీ అమరిల్లిస్ అనీ పిలిచే ఈ మొక్క సొంత ఊరు దక్షిణ అమెరికా. బ్రెజిల్ తూర్పు ప్రాంతాల్లోనూ, పెరూ, బొలీవియా, అర్జెంటీనాల్లో ఆండీస్ కొండల వాలుల్లోనూ దీని జాతులు సుమారు 90 దాకా ఉన్నాయి. వృక్షశాస్త్రం వీటిని హిప్పియాస్ట్రమ్ అంటుంది. అమరిల్లిస్ అనే పేరు దక్షిణాఫ్రికాకు చెందిన వేరొక మొక్కకే దక్కాలని 1987లో బెర్లిన్‌లో జరిగిన అంతర్జాతీయ వృక్షశాస్త్ర మహాసభ తేల్చింది. బజారు మాత్రం ఆ తీర్పును పట్టించుకోలేదు. ఈ మొక్కల్లో తొలి సంకర రకాన్ని 1799లో ఇంగ్లండులో ఆర్థర్ జాన్సన్ అనే గడియారాల పనివాడు సాధించాడు. ఎర్రటి రేకు నడుమ తెల్లని చారలుండే ఆ జాన్సన్ లిల్లీ వేడి దేశాల తోటలన్నిటికీ పాకింది. ఇప్పుడు నర్సరీల్లో పళ్లెమంత పువ్వులతో దొరికేవి ఆ తర్వాత పుట్టిన రకాలు.

ఈ అధ్యాయంలో చెప్పదలచుకున్నది ఒక్కటే. ఈ మొక్కలో పువ్వు పుట్టే కాలం వేరు, మన కంటపడే కాలం వేరు. రెండింటికీ మధ్య దాదాపు ఏడాది ఉంటుంది. పూయని గడ్డకు ఈ వేసవిలో ఎంత సేవ చేసినా ఈ వేసవిలో పువ్వు రాదు. పూత అయిపోయిందని కుండీని మూలకు నెట్టే రోజుల్లోనే వచ్చే ఏటి పువ్వు నిర్ణయమవుతోంది. ఈ మాటను నమ్మమని అడగడం లేదు. వంటింట్లోనూ పెరట్లోనూ దొరికే రుజువులే దీనికి చాలు.

వంటింట్లో మొదలుపెడదాం

ఉల్లిపాయను అడ్డంగా కాకుండా మొదలు నుంచి తల దాకా నిలువునా రెండు చెక్కలుగా కోసి చూడండి. అడుగున వేళ్లు పుట్టే చోట గట్టి బిళ్ల ఒకటి కనిపిస్తుంది. దాన్ని మనం తీసి పారేస్తాం గాని, ఉల్లి కాండం అదే. కాండమంటే పొడుగ్గా ఉండాలని మనకు అలవాటు కాబట్టి దాన్ని గుర్తించం. ఆ బిళ్ల మీద ఒకదాన్నొకటి చుట్టుకుని ఉన్న కండగల పొరలన్నీ ఆకుల అడుగు భాగాలు. పొలంలో ఆకుపచ్చగా గాలికి ఊగిన ఉల్లికాడల కింది కొసలే ఇలా ఉబ్బి పొరలయ్యాయి. పొరలన్నిటికీ నడుమ, బిళ్లను ఆనుకుని, లేత పసుపు రంగులో చిన్న మొలక ఉంటుంది. పెరగబోయే మొక్క అదే. ఇలా పొరలతో కట్టిన గడ్డను నర్సరీవాళ్లు బల్బు అంటారు, పాఠ్యపుస్తకం లశునం అంటుంది. ఆలుగడ్డ, చామదుంప ఈ కోవలోకి రావు. అవి ఉబ్బిన కాండాలు, వాటిలో పొరలుండవు.

లిల్లీ గడ్డ కట్టుబడీ ఇదే. ఉల్లి, వెల్లుల్లి, లిల్లీ మూడూ ఒకే కుటుంబానికి చెందినవని నేటి వర్గీకరణ చెబుతోంది. ఎండలో ఆకు తయారుచేసిన చక్కెర కిందికి దిగి, పిండిపదార్థంగా మారి పొరల్లో నిలవ ఉంటుంది. ఆరుగాలం పండించిన గింజను గాదెలో పోసుకుని, మరుసటి ఏడు ఆ నిలవతో పెళ్లి చేసే ఇంటి తీరు ఈ మొక్కది. పెళ్లినాటి ఖర్చు ఆ నెల రాబడితో నడవదు. లిల్లీ పూసే వేళకు చాలాసార్లు దానికి ఆకే ఉండదు, ఉన్నా ఒకటో రెండో లేత ఆకులుంటాయి. రెండడుగుల కాడ, అంతేసి రేకులు, ఆరు కేసరాలు, మధ్యలో కీలం, వీటన్నిటికీ కావలసిన పదార్థమంతా పొరల్లోంచే రావాలి. పూత ముగిశాక గడ్డను నొక్కి చూస్తే కొంచెం మెత్తబడి, చుట్టుకొలత తగ్గి కనిపించేది అందుకే.

ఈ నిలవ ఎంత సంపూర్ణమో తెలిపే వస్తువు ఒకటి అమెరికాలో, ఐరోపాలో క్రిస్మస్ రోజుల్లో దుకాణాలకు వస్తుంది. అక్కడుండే తెలుగువాళ్లు చూసే ఉంటారు. పెద్ద లిల్లీ గడ్డకు వేళ్లు కత్తిరించి, రంగు మైనంలో ముంచి, ఎర్రగానో బంగారు రంగులోనో అమ్ముతారు. దానికి మట్టి లేదు, నీళ్లు పోయడానికి దారి లేదు. బల్ల మీద పెడితే కొన్ని వారాల్లో మైనం నెత్తిమీది నుంచి కాడ లేచి నాలుగు పువ్వులు పూస్తుంది. వేళ్లూ మట్టీ నీళ్లూ ఏవీ లేకుండా పువ్వు వచ్చిందంటే, దానికి కావలసినదంతా, నీటితో సహా, ఆ గడ్డలో ముందే ఉందన్న మాట. ఆ గడ్డ మరుసటి ఏడు పూయడం అరుదు. ఖర్చు ఉంది, రాబడి లేదు. మొక్కను ఒక్కపూట అలంకారంగా వాడి పారేయడం బాధాకరమే, కాని మన వాదానికి ఇంతకన్న సూటి సాక్ష్యం దొరకదు.

నాలుగు ఆకులకొక కాడ

పిండి నిలవ ఉందన్నంత మాత్రాన పువ్వు ముందే ఏర్పడిందని రుజువు కాదు కదా అని అడగవచ్చు. సరైన ప్రశ్నే. దీనికి జవాబు నెదర్లాండ్స్‌లో దొరికింది. బల్బు పూల వ్యాపారమే జీవనాధారమైన ఆ దేశంలో, వాహెనింగెన్‌లో పనిచేసిన ఎ.హెచ్. బ్లావ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1920, 30 దశకాల్లో ఒక ఓపిక పని చేశాడు. ఏడాది పొడుగునా వేర్వేరు కాలాల్లో గడ్డలు కోసి, నడిమి మొలకను సూక్ష్మదర్శిని కింద పెట్టి, ఏ అవయవం ఎప్పుడు పుడుతోందో నమోదు చేశాడు. హైసింత్, తులిప్ లాంటి వాటితో పాటు హిప్పియాస్ట్రమ్‌ను కూడా ఆయన ఇలా పరిశీలించాడు. ఆయనా, ఆయన తర్వాతివాళ్లూ చూపించిన క్రమం చాలా తేటగా ఉంటుంది. ఎదిగిన లిల్లీ గడ్డ నాలుగు ఆకులు పుట్టిస్తుంది, ఆ వెంటనే ఒక పూకాడకు అంకురం వేస్తుంది. మళ్లీ నాలుగు ఆకులు, మళ్లీ ఒక కాడ. రోజు నిడివి ఎంత, చలి ఉందా లేదా అన్నవాటితో ఈ క్రమానికి పనిలేదు. మొక్క పెరుగుతున్నంత కాలం ఇది సాగుతూనే ఉంటుంది. అంకురం పడిన నాటి నుంచి ఆ కాడ గడ్డ బయటికి తల ఎత్తడానికి దాదాపు 11 నుంచి 14 నెలలు పడుతుంది.

అంటే బాగా ఎదిగిన గడ్డలో ఏ రోజు కోసి చూసినా ఒక్క కాడ కాదు, రెండు మూడు కాడలు వేర్వేరు వయసుల్లో ఉంటాయి. ఒకటి వచ్చే నెల బయటపడేది, ఒకటి వేలి గోరంత ఉన్నది, ఒకటి కంటికి ఆననంత చిన్నది. మార్చి, ఏప్రిల్ నెలల్లో మన కుండీలో పూసిన పువ్వు నిరుడు ఇంచుమించు ఇదే రోజుల్లో లోపల మొదలైంది. నర్సరీ గడ్డ మొదటి ఏడు బ్రహ్మాండంగా పూయడంలోని రహస్యం ఇదే. దాన్ని పెంచినవాళ్లు విశాలమైన మళ్లలో, పూర్తి ఎండలో, రెండు మూడేళ్లు పోషించారు. మనం కొన్నది గడ్డతో పాటు లోపల సిద్ధంగా ఉన్న పువ్వుల్ని కూడా. రెండో ఏడు వచ్చిన ఒంటి కాడ కొంత పాత నిలవ, కొంత కొత్త రాబడి. మూడో ఏటి లెక్క మాత్రం పూర్తిగా మన పెంపకానిది.

గడ్డ కోయకుండానే ఈ క్రమాన్ని కళ్లారా చూసే ఉపాయముంది. ఈసారి కాడ లేచినప్పుడు అది ఎక్కడి నుంచి వస్తోందో గమనించండి. ఆకుల నడిమధ్య నుంచి రాదు, ఒక పక్క నుంచి, పాత ఆకుల వరసను ఆనుకుని వస్తుంది. అది కొత్తగా పుట్టినదే అయితే లేత ఆకులతో పాటు నడుమ ఉండాలి. దాని తర్వాత పుట్టిన ఆకులు దాన్ని అంచుకు నెట్టాయి కాబట్టే పక్కన ఉంది. మన కళ్లముందు జరగని ఏడాది చరిత్రను ఆ చిన్న తేడా చెప్పేస్తోంది.

అయితే అంకురం పడిన ప్రతి కాడా బయటికి రాదు. నిలవ చాలకపోతే మొక్క దాన్ని లోపలే వదిలేస్తుంది. పూయని గడ్డను కుండీ మార్చేటప్పుడు పై పొరలు ఒలిస్తే, రెండు పొరల మధ్య గోధుమ రంగులో కాగితంలా ఎండిపోయిన చిన్న ముక్క దొరుకుతుంది. అది బయటపడలేకపోయిన పూకాడ. ఇది గుర్తుపెట్టుకోవలసిన సంగతి. పూయని గడ్డ పువ్వు వేయడం మరచిపోలేదు, వేసిన పువ్వును పోషించలేకపోయింది. అందుకే వ్యాపారంలో ఈ గడ్డల్ని చుట్టుకొలత చూసి ధర కడతారు. పెద్ద పువ్వుల రకాల్లో సుమారు 20 సెంటీమీటర్ల చుట్టుకొలతకు పైబడినవే పూసే గడ్డలుగా అమ్ముడవుతాయి, 30 దాటినవి రెండు మూడు కాడలు వేస్తాయి. జాన్సన్ లాంటి పాత పెరటి రకాలు ఇంకా చిన్న గడ్డలతోనే పూస్తాయి. వాటికి ఓర్పు ఎక్కువ.

వాన పడిన మూడో నాడు

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది. వాన లిల్లీ సంగతేమిటి? గులాబీ, తెలుపు, పసుపు రంగుల్లో గడ్డిపోచల్లాంటి ఆకులతో ప్రహరీగోడ వెంబడి ఉండే ఆ చిన్న మొక్క వాన పడిన మూడో నాడో నాలుగో నాడో ఒక్కసారిగా విచ్చుకుంటుంది. పువ్వుకు ఏడాది ఎందుకు, వాన చాలు కదా అనిపిస్తుంది. కాని లెక్క వేసి చూడండి. మూడు రోజుల్లో ఏ మొక్కా ఒక పువ్వును మొదటి కణం నుంచి నిర్మించలేదు. మందారం మొగ్గ తొడిగాక విచ్చడానికే వారాలు పడుతుంది. వాన లిల్లీ ఇంత వేగంగా పూసిందంటే దాని మొగ్గ గడ్డలో అప్పటికే తయారై కూర్చుందని ఒప్పుకోక తప్పదు. పొడి నేలలో ఆగిపోయిన కణాలు నీరు పీల్చుకుని సాగడమే మిగిలిన పని. వాన లిల్లీ వేగం మన వాదానికి విరుద్ధం కాదు సరికదా, దాన్ని బలపరుస్తోంది. రోజూ కాసిని నీళ్లు చిలకరించే కుండీలో ఇది సరిగా పూయదు. కొన్ని వారాలు ఎండనిచ్చి, ఆ తర్వాత వేళ్ల అడుగుదాకా తడిసేలా నీళ్లు పోస్తే వాన లేకుండానే పూస్తుంది.

మే పువ్వుదీ ఇదే కథ. ఆఫ్రికా నుంచి వచ్చిన ఈ ఎర్ర బంతిలాంటి పూగుత్తిలో చిన్న పువ్వులు వంద పైనే, ఒక్కోసారి రెండు వందల దాకా ఉంటాయి. తొలకరికి ముందు పడే జల్లులతో, ఆకు లేని నేలలోంచి అది నేరుగా లేస్తుంది. క్యాలెండర్ చూసుకుని పూసినట్టు మే నెలలోనే రావడం చూసి పత్రికలు ఏటా ఫొటోలు వేస్తాయి. ఆశ్చర్యపడవలసింది మే నెలను చూసి కాదు. పువ్వు రాలాక వచ్చే వెడల్పాటి ఆకులు వానాకాలమంతా పనిచేస్తాయి. చలికాలానికి అవి రాలిపోయేలోగా గడ్డలో చేరిన నిలవే ఆ వందల పువ్వులుగా బయటపడుతోంది.

తులిప్ ఇంకాస్త వేరు. శ్రీనగర్‌లో దాల్ సరస్సు దగ్గర 2007లో తెరిచిన ఇందిరాగాంధీ స్మారక తులిప్ తోట చూసొచ్చినవాళ్లు హైదరాబాదులో కూడా తులిప్ పెంచవచ్చా అని అడుగుతారు. తులిప్ పువ్వు కూడా ముందు వేసవిలోనే గడ్డలో ఏర్పడుతుంది. అయితే కాడ సాగాలంటే మూడు నాలుగు నెలల గట్టి చలి దానికి తగలాలి. ఫ్రిజ్‌లో ఉంచిన గడ్డను డిసెంబరులో నాటితే హైదరాబాదులోనూ ఒకసారి పూయవచ్చు. పూసింది కాబట్టి మన వాతావరణానికి అలవాటుపడిందనుకోవడం పొరపాటు. అది డచ్చి పొలాల్లో తిన్న తిండి. తులిప్ ఆకుకు ఇక్కడి ఫిబ్రవరి, మార్చి వేడే తట్టుకోలేనిది. గడ్డ మళ్లీ నిండేలోగా అది ఎండిపోతుంది. మొదటి ఏడు పూయించడం ఫ్రిజ్‌తో అయ్యే పని, రెండో ఏడు పూయించడానికి ఏ ఫ్రిజ్ చాలదు. మన లిల్లీకి ఈ చలి అవసరమే లేదు. దాన్ని ఫ్రిజ్‌లో పెట్టమనే సలహా తులిప్ పాఠాన్ని తెచ్చి దీనికి అంటగట్టడమే. పైగా ఈ గడ్డలో లైకోరిన్ అనే విషపదార్థం ఉంటుంది, తింటే వాంతులవుతాయి. ఉల్లిపాయను పోలిన ఈ గడ్డను వంటింటి దరిదాపుల్లో ఉంచకూడదు.

ఈ వాదానికి హద్దులు కూడా చెప్పాలి. బల్బులంటూ అమ్మేవన్నీ పువ్వును ముందే కడుపులో దాచుకోవు. గ్లాడియోలస్ గడ్డలో పొరలే ఉండవు, అది ఉబ్బిన కాండం. నాటి, రెండు మూడు ఆకులు వచ్చే సమయానికి గాని దానిలో పూమొగ్గ మొదలవదు. మాలల్లో గుచ్చే లిల్లీ, అంటే నేలసంపెంగలో, ఒకసారి పూసిన గడ్డ మళ్లీ పూయదు. దాని చుట్టూ పుట్టిన పిల్ల గడ్డలు ఎదిగి తర్వాత పూస్తాయి. ఈ రెంటిలో కాలక్రమం మారింది గాని నిలవ సూత్రం మారలేదు. నేలసంపెంగ సాగుచేసే రైతులు చిన్న గడ్డల్ని పక్కనపెట్టి, పెద్దవి ఏరి నాటేది ఇది తెలిసే.

ఎరువు చాలలేదా, ఎండగట్టలేదా?

పువ్వు రాని ఇంట్లో ముందుగా అనుమానం వెళ్లేది ఎరువు మీదికి. ఈ అనుమానం వెనక పాత నమ్మకం ఉంది, మొక్క మట్టిని తిని పెరుగుతుందని. బెల్జియం ప్రాంతపు వైద్యుడు వాన్ హెల్మాంట్ ఐదేళ్ల పాటు ఒక తొట్టిలో విల్లో మొక్క పెంచి, మొదట్లోనూ చివరా మట్టినీ చెట్టునీ తూచాడు. 1648లో అచ్చయిన ఆ లెక్క ప్రకారం చెట్టు దాదాపు 74 కిలోలు పెరిగింది, మట్టి తగ్గింది 60 గ్రాముల లోపే. ఆయన పెరుగుదలంతా నీటిదే అనుకున్నాడు, గాలి పాత్ర తర్వాతివాళ్లు కనిపెట్టారు. పొరల్లో నిండే పిండి గాలిలోని బొగ్గుపులుసు వాయువునూ నీటినీ ఎండ సాయంతో ఆకు కలిపి చేసినది. ఎరువు ఆ ఆకుకు పనిముట్లు సమకూరుస్తుంది. నత్రజని లేకపోతే ఆకులో పచ్చదనం ఉండదు, పొటాష్ తక్కువైతే చక్కెర కిందికి దిగడం మందగిస్తుంది. కాబట్టి ఎరువు వద్దనడం లేదు. ఎండ తగలని ఆకుకు ఎంత ఎరువు వేసినా గడ్డ నిండదు. యూరియా గుప్పిళ్లతో వేస్తే ఆకు మెత్తగా సాగి, గడ్డకు కుళ్లు పట్టే ముప్పు పెరుగుతుంది.

అసలు లోటు చాలా ఇళ్లలో వెలుతురుదే అని నా నమ్మకం. ఆకులు పొడుగ్గా పచ్చగా ఉన్నాయి కదా అంటారు. వెలుతురు చాలని ఆకే అలా సాగి, ముదురు పచ్చగా మారి, మధ్యకు వాలిపోతుంది. బాల్కనీలో బోలెడు వెలుతురుందని కూడా అంటారు. ఈ విషయంలో మన కన్ను నమ్మదగిన సాక్షి కాదు. కనుపాప చీకట్లో విప్పారి, ఎండలో ముడుచుకుని తేడాను మన నుంచి దాచేస్తుంది. నడి మధ్యాహ్నం ఆరుబయట వెలుతురు సుమారు 1,00,000 లక్స్ ఉంటే, హాయిగా పుస్తకం చదువుకునే గదిలో కొన్ని వందలే ఉంటుంది. మనకు రెండుచోట్లా స్పష్టంగా కనిపిస్తుంది, ఆకు రాబడిలో మాత్రం ఆ తేడా అంతా పడుతుంది. లిల్లీ ఆకు మీద రోజుకు నాలుగైదు గంటలు నేరుగా ఎండ పడాలి. మన ఏప్రిల్, మే ఎండల్లో మధ్యాహ్నం తర్వాత నీడ ఉంటే ఆకు కొసలు మాడవు. ఉదయపు ఎండ తగిలే తూర్పు వైపు ఇందుకు అన్నిటికన్నా మంచిది.

ఇక ఎండగట్టడం. నీళ్లు ఆపి, ఆకులు కోసేసి, కొన్ని వారాలు మొక్కను మాడిస్తే పూస్తుందని చాలామంది చెబుతారు, కొందరికి పూసింది కూడా. అది కళ్లతో చూసిన విషయం, కొట్టిపారేయలేం. కాని పూసినదేమిటి? లోపల సిద్ధంగా ఉన్న కాడే. విశ్రాంతి ఇచ్చి మళ్లీ నీళ్లు పోస్తే, వేర్వేరు సమయాల్లో రావలసిన కాడలు ఇంచుమించు ఒకేసారి కదులుతాయి. అందుకే వ్యాపారులు గడ్డల్ని తవ్వి, ఎనిమిది పది వారాలు 13 డిగ్రీల చల్లదనంలో ఉంచి, పండగ వేళకు పూసేలా చేస్తారు. విశ్రాంతి పువ్వు వచ్చే సమయాన్ని కుదురుస్తుంది గాని, లేని పువ్వును పుట్టించదు. నిండు గడ్డకు విశ్రాంతి మేలు చేస్తుంది, బక్క గడ్డకు అదే పని చేస్తే ఉన్న కాస్త నిలవా పోతుంది. పచ్చని ఆకును కోయడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. నవంబరు, డిసెంబరుల్లో నీళ్లు తగ్గిస్తూ పోతే పాత ఆకులు వాటంతటవే పండుబారతాయి, వాటిలోని సారం గడ్డలోకి దిగాక తీసేయవచ్చు.

ఇరుకు కుండీలో బాగా పూస్తుందనే మాట కూడా పరీక్షించదగినదే. సగం నిజం. గడ్డకు చుట్టూ మూడు నాలుగు సెంటీమీటర్లకు మించి ఖాళీ ఉన్న పెద్ద కుండీలో, వేళ్లు అందుకోని మట్టి తడిగానే ఉండిపోయి గడ్డ కుళ్లుతుంది. ఇరుకు కుండీ ఈ ప్రమాదాన్ని తప్పిస్తుంది, అంతవరకే దాని గొప్ప. పక్క పిలకలతో కిక్కిరిసిన కుండీ సంగతి వేరు. అక్కడ 30 ఆకులుండవచ్చు, కాని అవి ఏడెనిమిది గడ్డల ఆకులు. ఒక్కోదానికి నాలుగేసి కూడా రావు, అవైనా ఒకదాని నీడలో ఒకటి ఉంటాయి. అంత పచ్చదనం కనిపిస్తూ ఒక్క పువ్వూ లేకపోవడానికి కారణం ఇదే. పిలకల్ని విడదీసి నాటితే రెండు మూడేళ్లలో అవీ పూసే గడ్డలవుతాయి.

పూత అయ్యాక

పువ్వు వాడగానే కాయ కట్టనీయకుండా తల తుంచేయాలి, విత్తనం కావాలనుకుంటే తప్ప. కాయ నిలవను తోడేస్తుంది. కాడను మాత్రం వెంటనే కోయనక్కర్లేదు. అదీ పచ్చగా ఉంది, ఎండిపోయేదాకా ఎంతో కొంత సంపాదిస్తుంది. అక్కడి నుంచి అక్టోబరు దాకా మొక్క మన కంటికి అందంగా ఉండదు, కాని దాని పని కాలం అదే. ఈ నెలల్లో ఎండ, తడి, పదిహేను రోజులకోసారి పలచని ఎరువు తప్పకూడదు. వర్మీకంపోస్టు, బాగా మాగిన పశువుల ఎరువు, కొంచెం వేపపిండి చాలు. మట్టి నీరు నిలవనిది కావాలి. ఎర్రమట్టిలో ఇసుక కలిపితే సరిపోతుంది. నల్లరేగడి ఒక్కటే వాడితే వానల్లో గడ్డ చుట్టూ ముద్దకట్టి ఊపిరాడనివ్వదు. కోస్తాలో అక్టోబరు, నవంబరు తుఫాను వానలు కురిసేచోట ఎత్తుమడి తప్పనిసరి. గడ్డను పూర్తిగా పాతిపెట్టకుండా మెడా, పై మూడోవంతూ మట్టి పైన ఉంచి నాటాలి.

వానాకాలంలో ఒక శత్రువు వస్తుంది. నల్లని ఒంటి మీద తెల్లని, నారింజ మచ్చలున్న గొంగళిపురుగులు గుంపుగా చేరి ఒక్క రాత్రిలో ఆకుల్ని గడ్డ దాకా కొరికేస్తాయి. అప్పుడు పువ్వు లేదు కాబట్టి నష్టం లేదనిపిస్తుంది. తినేసింది వచ్చే ఏటి పువ్వుని. ఉదయాన్నే ఆకుల అడుగు చూసి, చేత్తో ఏరి సబ్బునీళ్లలో వేయడం ఇంటి తోటకు చాలు. ఆకు మీద లేత, ముదురు పచ్చని చారలు కలగాపులగంగా కనిపిస్తే అది పురుగు పని కాదు, వైరస్. దానికి మందు లేదు. అటువంటి గడ్డను తీసి పారేయాలి. దాన్ని కోసిన కత్తితో ఇంకో గడ్డను కోయకూడదు, ఆ రసంతోనే తెగులు పాకుతుంది.

ఇంతకీ వచ్చే మార్చిలో పువ్వు వస్తుందా రాదా? ముందే అంచనా వేయవచ్చు. ఈ పూత ముగిసిన నాటి నుంచి ఒక్కో గడ్డ వేసిన కొత్త ఆకుల్ని లెక్కపెట్టి, కుండీ అంచు మీద రాసి ఉంచండి. నవంబరుకు నాలుగు లోపైతే కాడ ఆశించనక్కర్లేదు. ఎనిమిది దాటి, మెడ దగ్గర నొక్కితే గడ్డ గట్టిగా ఉంటే రెండు కాడల దాకా రావచ్చు. ఇది గరిష్ఠ లెక్క, లోపలే ఎండిపోయే కాడ కూడా ఉంటుందని ముందే చెప్పుకున్నాం. లెక్క తప్పితే జనవరిలో కుండీ మార్చేటప్పుడు పై పొరలు రెండు ఒలిచి, ఆ కాగితంలాంటి గోధుమరంగు ముక్క కోసం వెదకండి. అది దొరికితే గడ్డ రకం మంచిదే, కుండీ చోటు మార్చాలి. దొరకకపోతే గడ్డకు ఇంకా వయసు రాలేదు, మరో వానాకాలం ఆగాలి.